మండపం ఒడ్డున ప్రాణమున్న నాచు

చెన్నైలో రాత్రి రామేశ్వరం రైలెక్కాను. పొద్దున మండపంలో దిగుతుంటే తోటి ప్రయాణికులు వింతగా చూశారు. వాళ్లంతా పాంబన్ వంతెన దాటి స్వామి దర్శనానికి వెళ్లేవాళ్లు. నా పని వంతెనకు ఇవతలే.

ఇక్కడ నేల సన్నగా సముద్రంలోకి చొచ్చుకుపోతుంది. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నార్ సింధుశాఖ. గాలి మారి ఒక వైపు కెరటాలు రేగినా రెండో వైపు నీళ్లు నెమ్మదిగానే ఉంటాయి. నాచు చదివేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు దొరకడం కష్టం. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ 1971లో కొచ్చికి తరలేదాకా దాని ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉండేది. ఇప్పటికీ దాని కేంద్రం ఒకటి ఇక్కడ నడుస్తోంది.

ఒడ్డుకు వెళ్లేసరికి నాచు ఏరే ఆడవాళ్లు పడవ దిగుతున్నారు. రాళ్లు కోసుకోకుండా వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని నీళ్లలో మునుగుతారు. అగర్ తీసే జెలీడియెల్లా నాచును వాళ్లు ‘మరికొళుందు పాసి’ అంటారు. పుస్తకం తెరవకుండా, చేత్తో తడిమే ఏది ఏ నాచో చెప్పేస్తారు.

ఆ పరిశోధనా కేంద్రం ప్రయోగశాలలో తెల్లటి ట్రేలో సముద్రపు నీళ్లు పోసి నాచు వేశారు. కాలేజీలో నేను చూసినవన్నీ అట్టలకు అంటించిన ఎండు నమూనాలు. ఇక్కడ కాలెర్పా అనే నాచు ద్రాక్షగుత్తిలా విచ్చుకుంది. వేళ్లలా, కాండంలా, పూసల్లా కనిపించే ఆ మొక్కంతా ఒకే కణం. లోపల లెక్కలేనన్ని కేంద్రకాలు. తుంచినచోట గాయాన్ని తానే త్వరగా పూడ్చుకుంటుంది. తర్వాత గోధుమరంగు సర్గాసం ముక్కను వేడినీళ్లలో ముంచారు. చూస్తుండగానే ఆకుపచ్చగా మారింది. ప్రాణమున్నంత కాలం పత్రహరితాన్ని కప్పి ఉంచిన గోధుమ వర్ణకం, వేడికి తన ప్రొటీన్ నుంచి విడిపోయిందన్నమాట.

మధ్యాహ్నం సన్నటి వల లాగి తెచ్చిన నీటిచుక్కను మైక్రోస్కోపు కింద పెట్టాం. పొడవాటి ముళ్లతో గొలుసుకట్టిన కీటోసెరాస్ డయాటమ్‌లు, వాటి మధ్య గిరగిరా తిరుగుతూ డైనోఫ్లాజెల్లేట్లు. చుక్క అయోడిన్ వేయగానే అన్నీ ఆగిపోయాయి. లెక్కపెట్టడానికి ఆ పద్ధతే మేలు. కానీ ఈతా పోతుంది, రంగూ పోతుంది. ఆ రంగు ఎంత ముఖ్యమో ఈ తీరమే చెబుతుంది. 2019లో ఇక్కడ నాక్టిల్యూకా అనే డైనోఫ్లాజెల్లేట్ విపరీతంగా పెరిగి నీళ్లు ఆకుపచ్చబడ్డాయి. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నాక్టిల్యూకాకు సొంతంగా పత్రహరితం లేదు. ఆ పచ్చదనం దాని లోపల బతికే సూక్ష్మ శైవలాలది. అయోడిన్ తగిలాక ఆ సంగతి కంటికి ఆనదు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం ఈ డయాటమ్‌ల వంటి, కంటికి కనిపించని వృక్ష ప్లవకాల పనే.

మన్నార్ నాచు వనరులపై పనిచేసిన ఎం. ఉమామహేశ్వరరావు తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి విశాఖ తీరపు నాచును చదివారు. అంటే మన విద్యార్థులు ఇంత దూరం రానక్కర్లేదు. విశాఖ రాళ్ల మీద ఉల్వా, గ్రాసిలేరియా, సర్గాసం ఉన్నాయి. వృక్షశాస్త్రం చెప్పే మాస్టార్లు పిల్లల్ని సముద్రం వెనక్కి తగ్గిన వేళ అక్కడికి తీసుకెళ్లండి. పీకకుండా, ముందు నీళ్లలోనే చూడనివ్వండి. ఎండు నమూనా ఆ తర్వాత చూపించవచ్చు.