గాలికి ఎదురు తిరిగిన మర

హాలండ్ అనగానే మీకు తులిప్ పూలు, గాలిమరలు గుర్తొస్తాయి కదూ! హిచ్‌కాక్ సినిమాల అభిమానులకి మాత్రం గాలిమర కనిపిస్తే గుండె ఝల్లుమంటుంది. 1940లో ఆయన తీసిన 'ఫారిన్ కరస్పాండెంట్'లో, యుద్ధం వస్తుందో రాదో తెలుసుకు రమ్మని యూరప్ పంపిన అమెరికన్ విలేకరి, ఆమ్‌స్టర్‌డామ్‌లో హంతకుణ్ణి తరుముతూ గాలిమరల మధ్యకి వస్తాడు. చూస్తూండగానే హంతకుడి కారు మాయం! అన్ని మరలూ గాలివాటున తిరుగుతూంటే ఒక్కటి మాత్రం ఎదురు తిరుగుతుంది. అది విమానానికి సైగ అన్నమాట. లోపల బందీగా, లోకమంతా చనిపోయాడనుకున్న ముసలి దౌత్యవేత్త! పై కథ చెప్పను లెండి, చూడండి.

ఆమ్‌స్టర్‌డామ్ వెళితే, నల్ల గొడుగుల మధ్య హత్య జరిగిన ఆ మెట్ల కోసం వెతక్కండి. అదంతా హాలీవుడ్‌లో వేసిన సెట్టు. అసలైన మరలు చూడాలంటే రోటర్‌డామ్‌లో పడవెక్కి కిండర్‌డైక్ వెళ్ళాలి. శాలువా మరచిపోకండి, గాలి కోసేస్తుంది.

కాలవల వెంట 19 మరలు. చాలావరకు 1740 ప్రాంతంలో కట్టినవే. 1997లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. ఇవి పిండిమరలు కావు సుమండీ, పల్లపు నేలల్లో నీళ్ళు తోడిపోసే మరలు. మ్యూజియం చేసిన మరలోకి వెళ్ళి చూడండి. ఆ కాస్త చోటులోనే వంట, పిల్లలు, సంసారమంతా! మంచాలు కూడా గోడలో అల్మారాల్లా ఉంటాయి. రెక్కలు నేలకి తగిలేంత కిందికి వస్తాయి కనుక ఇంటికి రెండు గుమ్మాలు. రెక్కలు ఈ గుమ్మం ముందు తిరుగుతుంటే ఆ గుమ్మంలోంచి బయటికి రావాలి. పసిపిల్లల తల్లి ఎలా వేగేదో!

నిజానికి మర గాలికి ఎదురు తిరగదు. టోపీలాంటి పైభాగాన్ని మనిషే గాలివైపు తిప్పుకోవాలి. కానీ రెక్కలతో సైగలు మాత్రం నిజమే. పై రెక్క నిట్టనిలువు కాకముందే ఆపితే ఇంట్లో పెళ్ళో పురుడో. దాటాక ఆపితే చావు కబురు. చుట్టుపక్కల వాళ్ళకి దూరం నుంచే తెలిసిపోయేది.

సినిమా విడుదలైంది 1940 ఆగస్టులో. అప్పటికే, మే 10న, జర్మన్ సేనలు హాలండ్‌లోకి చొరబడ్డాయి. మే 14న పడ్డ బాంబులకి, మీరు పడవెక్కిన రోటర్‌డామ్ నడిబొడ్డు బూడిదైపోయింది. తర్వాత ఆ యుద్ధకాలంలోనే ఇంధనం కరువై పంపులు నడవకపోతే, ఇళ్ళూ పొలాలూ మునగకుండా కిండర్‌డైక్‌లో నీళ్ళు తోడింది ఈ ముసలి మరలే.