పంటినొప్పియని యుపేక్షింపరాదు

పన్ను నొప్పియన్నంతనే లవంగమో, ఉప్పునీటి పుక్కిలింతయో చెప్పని యిల్లాలు మన సీమలో లేదు. పెక్కుపర్యాయము లంతటితోనో, పంటివైద్యుని చికిత్సతోనో బాధ తీరును. తీరనప్పు డేమి చేయవలెనో సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

రాచపుండనగానే పొగాకు నమలు పెద్దలు మనకు జ్ఞప్తికి వత్తురు. అది నోటి లోపలి పొరలో బుట్టునది. ఎముకయందే పుట్టునది వేఱొకటి కలదు. దానిని వైద్యులు ఆస్టియోసార్కోమా యందురు. అది మిక్కిలి యరుదు. కాలిసేతుల పొడవైన యెముకలలో కౌమారమునందే తఱచుగా వచ్చు నీ వ్యాధి, దవడలో మాత్రము ఇరువది నలువది యేండ్ల నడిమివారికి హెచ్చుగా వచ్చును. ఈ జాతి వ్యాధులలో దవడకు సంబంధించినవి నూటికి 6, 7 మాత్రమే. పొగాకు మొగ మెఱుగని పడుచువారికి వచ్చుటచే నెవ్వరికిని అనుమానము తోపదు. యూయింగ్ సార్కోమా యను మఱియొకటి పిల్లలకును వచ్చును. అది యొక్కొకప్పుడు జ్వరముతో గూడి చీముగడ్డవలె భ్రమింపజేయును.

మా పొరుగింటి కోడలు ఇరువదియేడేండ్లది. క్రింది దవడపన్ను కదలగా నొక వైద్యుడు దానిని తీసివేసెను. గాయము మానలేదు. వాపు పెరిగెను. రెండు నెలలు మందులతోనే గడచినవి. ఒకనాడు మాతో, "అక్కా, మెతుకు పెదవి కంటుకొన్నా నాకు తెలియడంలేదు" అనెను. ఆ మాట విని మావారు వారిని కడపలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వెంటబెట్టుకొని పోయిరి. అచటి వైద్యులు ఎక్స్‌రే చూచి, చిన్న ముక్క తీసి పరీక్షింపవలెననిరి. అత్తగారు "కత్తి తగిలితే పుండు పాకుతుందంట నాయనా" యని యడ్డుపడెను. ముక్క లేనిదే వ్యాధికి పేరు తెలియదనియు, పేరు తెలియనిదే చికిత్స లేదనియు, తగిన రీతిని ముక్క తీసినంత మాత్రమున వ్యాధి పాకునను భయము వలదనియు వైద్యు డోర్పుతో జెప్పగా నామె యొప్పుకొనెను. దవడలో గొంతభాగము తీసివేసిరి. మొగ మొకవంక కొంచెము లోతువడినది. మెత్తని సంగటియే తినుచున్నది. కాని బిడ్డను చేయిపట్టి బడికి దీసికొనిపోవుచున్నది.

సుశ్రుతుడు ముఖరోగములను 65 గా లెక్కించెను. దర్శనము, స్పర్శనము, ప్రశ్నము అని మన వైద్యశాస్త్రము చెప్పిన మూడు పరీక్షలును ఇంట మనమును చేయదగినవే. చూడవలసినది: మూడు వారములలో నణగని యొకవైపు వాపు, పన్ను తీసిన తావున మానని గాయము. తాకి చూడవలసినది: ఎముకవలె గట్టిగానున్న గడ్డ, చిగురు బాగుగానున్నను కదలెడి పన్ను. అడుగవలసినది: క్రింది పెదవియు గడ్డమును మొద్దుబాఱినవా? పై దవడయైనచో ఒకవైపు ముక్కు మూసికొనిపోవుచున్నదా? వీనికి సామాన్యకారణములే పెక్కు గలవు. అయినను వైద్యునికి జెప్పక మానరాదు.

ఎక్స్‌రేలో పంటివేరు చుట్టునుండు సన్నని నల్లగీత వెడల్పగుట యీ వ్యాధికి తొలిగుఱుతు కావచ్చునని గారింగ్‌టన్ మొదలగువారు 1967లో వెల్లడించిరి. సి.టి., ఎం.ఆర్.ఐ. పరీక్షలవలన వ్యాధి యెంతవఱకు వ్యాపించెనో తెలియును. అది ఊపిరితిత్తులకు జేరవచ్చును గావున ఱొమ్మును గూడ జూతురు. తుది నిర్ణయము మాత్రము సూక్ష్మదర్శినిదే. వ్యాధికణములే స్వయముగా లేతయెముకను పుట్టించుచుండుట దానిలో గానవచ్చును. నిరపాయమైన యెముకవాపులును దీనిని బోలియుండును. కనుక అనుభవజ్ఞుడైన వేఱొక నిపుణునికి ముక్కను చూపుమని కోరుట తప్పుగాదు.

దవడవ్యాధికి, చుట్టును మేలియెముకను గొంత చేర్చి శస్త్రముచే బూర్తిగా తీసివేయుటయే ముఖ్యచికిత్స. కొందఱికి మందులును ఇత్తురు. వానిలో మెథోట్రెక్సేట్ యనునది 1895లో భీమవరమున జనించి 1948లో అమెరికాలో గతించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషిఫలము. ఖర్చునకు వెఱచువారు, 2007లో ఆరోగ్యశ్రీగా నారంభమైన ప్రభుత్వపథకము క్రింద తమకు సాయము లభించునేమో ఆసుపత్రిలో విచారింపవలెను.

పెండ్లికావలసిన పిల్ల యనియో, క్రొత్తకోడలనియో మొగముమీది వాపును పైటకొంగుతో దాపకుడు. నలుగు రేమందురోయను సంకోచముతో నెలలు గడపుటకంటె, ఒకపూట కూలి పోయినను కడపకో కర్నూలుకో పోయి చూపించుకొనుట మేలు.