క్షుద్రవిద్యా చిత్రములు – మన వీథిలోని ముసలమ్మ

భయము వినోదమగుట క్రొత్త సంగతి కాదు. భరతముని భయానక బీభత్సములను రసములలో జేర్చినాడు. భవభూతి మాలతీమాధవము ఐదవ యంకమున శ్మశానము, చాముండాలయము, బలికై తేబడిన కన్యక, అఘోరఘంటుడను కాపాలికుడు గలరు. నేటి క్షుద్రవిద్యా చిత్రములలోని సామగ్రి యంతయు నందే కలదు. కాని యచ్చట మన దృష్టి మాలతి ప్రాణముమీద నిలుచును. మాధవు డామెను రక్షించువరకు గుండె కుదుటపడదు.

స్వల్పవ్యయముతో దీయు చిత్రముల వరుస వేరు. వానికి పెద్దనటులు, మేడలు నక్కరలేదు. పాడుబడిన యిల్లు, నిమ్మకాయలు, కుంకుమ, చీకటి, ఒక స్త్రీ చాలును. ఆమె జుట్టు విరబోసికొని యూగుచునైన నుండవలెను, కట్టుబడి యేడ్చుచునైన నుండవలెను. ధనము తక్కువయిన చోట స్త్రీదేహమును హింసయు సరకు లగుచున్నవి.

ఈ వర్తకము మనయొద్దనే పుట్టినది కాదు. ఇంగ్లండున 1968లో మైకేల్ రీవ్స్ అను యువకుడు లక్ష పౌనులకు లోబడిన వ్యయముతో 'విచ్‌ఫైండర్ జనరల్' అను చిత్రము దీసెను. 1645 ప్రాంతమున మంత్రగత్తెలని నింద మోపి స్త్రీల నురికంబ మెక్కించిన మాథ్యూ హాప్కిన్సు కథ యది. అందు రాక్షసి మంత్రగత్తె కాదు. ఆమెను వేటాడినవాడే రాక్షసుడు. ఈ యొక్క మార్పుచే నా చిత్రము తక్కిన వానికంటె నెత్తున నిలిచినది. అయినను స్త్రీల యాతనను తెరపై జూపుటలో నదియు వెనుదీయలేదు.

మన తెలుగున 2021లో 'మా ఊరి పొలిమేర' సినిమాహాళ్లకు బోక నేరుగా సెల్‌ఫోనులలోనికే వచ్చినది. 2023లో 'విరూపాక్ష' వచ్చినది. దాని యారంభమున గ్రామస్థులు చేతబడి నెపమున దంపతులను సజీవదహన మొనర్తురు. ఆ దృశ్యమునకు కలగని హృదయ ముండదు. కాని కథ సాగినకొలది క్షుద్రవిద్య నిజమైన శక్తియే యని తేలును! అంతట నిప్పుపెట్టినవారి పాపము సగము తరిగినట్లు తోచును గదా!

మా నల్లమాడ కరవుసీమ. వాన చాలదు, వేరుసెనగ యెండును, బోరు వేసిన నీరు పడదు. ఇట్టి కష్టకాలమున 'ఎవరో చేసినారు' అను మాట వానకంటె ముందుగా దిగును. ఆ 'ఎవరో' ధనవంతుడు కాడు, గ్రామపెద్ద కాడు. దిక్కులేని వితంతువో, ఒంటరి ముసలమ్మయో యగును. 2019 జూలైలో మాకు సమీపమున, కదిరి ప్రాంతపు తనకల్లు మండలము కొర్తికోట శివాలయమున ముగ్గురు గొంతులు కోయబడి పడియుండిరి. వారిలో నిద్దరు స్త్రీలు. గుప్తనిధులకై యిచ్చిన బలి యను ననుమానము వచ్చినది. 2021 జనవరిలో మదనపల్లెలో విద్యాధికులైన తల్లిదండ్రులే, మరల బ్రతుకుదురను భ్రమచే, యెదిగిన కుమార్తెల నిద్దరిని చంపుకొనిరన్న వార్త వెలువడినది. బడిపంతులుగారి యింట మెలగు మమ్ము నీ రెండవ వార్త మిక్కిలి కలచినది. చదువొక్కటియే రక్ష కాదు.

ఈ ఘోరములను చిత్రములు చేయించినవని మే మనము. కాని వానిలోకమున ప్రతి రోగమునకు నొక చేతబడి, ప్రతి చేతబడికి నొక దోషి యుండును. ఆ లెక్కకు అలవాటుపడిన మనస్సు తన వీథిలో దోషిని వెదకుకొనును.

సోదరీమణులారా! నిషేధమువలన ఫలము లేదు; సెల్‌ఫోను దుప్పటిలోనికైనను దూరును. పిల్లల ప్రక్కను గూర్చుండి చూడుడు. 'ఈ నింద మొదట నెవరు మోపిరి? దానివలన లాభ మెవరికి?' అని యడుగుడు. బిడ్డకు జ్వరము వచ్చిన వైద్యునికడకు గొనిపొండు, దిష్టితీతతో ప్రొద్దుపుచ్చకుడు. పిల్లలు బెదరి ప్రక్కదారి పట్టు నా ముసలమ్మ గుమ్మమునకు, చెంబెడు మజ్జిగ యిచ్చి, వారినే పంపుడు.