కొలిమి ఊరికి నిప్పు కాపలా

విశాఖ నుంచి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా వచ్చే రైలు రాయ్‌పూర్ దాటిందంటే చాలు, పెట్టెలో శ్రీకాకుళం యాస వినిపిస్తున్న వైపంతా సంచులు సర్దుకోవడం మొదలవుతుంది. దిగేది పవర్‌హౌస్ స్టేషన్‌లోనైనా దుర్గ్‌లోనైనా వారి గమ్యం భిలాయే. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల్లో కూలీలుగా, ఫిట్టర్లుగా, గుమాస్తాలుగా వచ్చినవారి మనవలు ఇప్పుడు ఇక్కడి సెక్టర్లలో ఉంటున్నారు.

వాటిలో ఒకటి సెక్టర్ 7. కల్యాణ్ కాలేజీ, చెట్ల నీడలు, విశాలమైన రోడ్లు, ఒకే అచ్చులో పోసినట్లుండే క్వార్టర్లు. అగ్నిప్రమాదాల గురించి ఆలోచించడానికి ఇంతకన్నా తగని చోటు ఉండదనిపిస్తుంది. ఉత్తరాంధ్రలో తాటాకు ఇళ్ల మధ్య పెరిగినవారికైతే మరీనూ. ఎండాకాలం గాలి లేవకముందే పొయ్యి ఆర్పేయాలని, ఒక కప్పు అంటుకుంటే వీధి వీధే పోతుందని వారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. కాంక్రీటు కప్పు కిందికి వచ్చాక ఆ భయం పోయింది. భయంతోపాటు జాగ్రత్తా సడలింది. ఇప్పుడు ప్రమాదం ఉండేది గ్యాస్ సిలిండర్ దగ్గర, పాతకాలపు వైరింగ్‌పై కొత్తగా బిగించిన ఏసీ దగ్గర. పైగా ఇది షిఫ్టుల ఊరు. రాత్రి డ్యూటీ చేసినవారు పట్టపగలు గాఢనిద్రలో ఉంటారు. పక్క గదిలో పొగ లేచినా వారికి తెలియదు.

అగ్నిమాపక సేవలు పురపాలక సంస్థలు చూడదగ్గ బాధ్యతల్లో ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ ఏడో అంశంగా పేర్కొంది. కానీ భిలాయి టౌన్‌షిప్ ముందుగా నమ్ముకునేది ఉక్కు కర్మాగారం సొంత ఫైర్ బ్రిగేడ్‌నే. వంటింటి మంటకూ, కోక్ ఓవెన్ గ్యాస్ పైపుకూ అదే కాపలా. ఆ గ్యాస్‌లో సగానికి పైగా హైడ్రోజన్, తర్వాత మీథేన్, కొంత కార్బన్ మోనాక్సైడ్. ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ కాపలా ఎంత ఖరీదైనదో 2018 అక్టోబర్ 9న తెలిసింది. కోక్ ఓవెన్ విభాగంలో ముందే నిర్ణయించుకున్న మరమ్మతు పని జరుగుతుండగా గ్యాస్ పైపులైన్ వద్ద పేలుడు సంభవించి పదిమందికి పైగా మరణించారు. మృతుల్లో అగ్నిమాపక సిబ్బందీ ఉన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 జూన్ 12న పంప్‌హౌస్‌లోకి గ్యాస్ చొరబడి ఆరుగురు చనిపోయారు. మంటలార్పేవారిని వీరులని పొగడటం తేలిక. వారు మన ఇంటికి రావాల్సిన అవసరాన్ని తగ్గించడమే కష్టం.

ఆ పని చేయడానికి ఏటా ఒక వారం ఉంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ ఓడ పేలినప్పుడు 66 మంది అగ్నిమాపక సిబ్బంది బలయ్యారు. వారి స్మృతిలో ఆ రోజు నుంచి దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. చిన్న ఊళ్లలో ఇవి ఫొటోలతో ముగిసిపోతుంటాయి. మైదానంలో మండుతున్న సిలిండర్‌పై తడి గోనెపట్టా కప్పి ఆర్పడం చూసి పిల్లలు చప్పట్లు కొడతారు. చూడాల్సింది పిల్లలు మాత్రమేనా? గోనెపట్టా పట్టుకోవాల్సింది వారి తల్లులు, నాయనమ్మలు. వంటగ్యాస్ గాలికన్నా బరువైనది, నేలబారున పాకుతుంది. వాసన రాగానే స్విచ్చు జోలికి పోకుండా రెగ్యులేటర్ కట్టేసి తలుపులు తెరవాలి. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు కొట్టకూడదు, మూతపెట్టి స్టవ్ ఆపాలి. ఇవి మైకులో చెబితే ఎక్కవు. ఒకసారి చేయిస్తే చేతికి గుర్తుంటాయి. అమెరికాలో ఎన్నో ఊళ్ల ఫైర్ సిబ్బంది ఇళ్లకు వెళ్లి మరీ పొగను పసిగట్టే అలారాలు బిగించి వస్తారు. మన దగ్గర అంత డబ్బు లేకపోవచ్చు. ఇంటింటికీ వెళ్లి గ్యాస్ గొట్టం మార్చి ఐదేళ్లు దాటిందేమో చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు.

సెక్టర్లలో నడుస్తుంటే ఇంకొకటి కళ్లబడుతుంది. రష్యన్ల కాలంలో గీసిన రోడ్లు ఫైరింజన్ సునాయాసంగా తిరిగేంత వెడల్పు. కానీ క్వార్టర్ల ముందూ వెనకా కార్ల కోసం, అదనపు గది కోసం రేకుల షెడ్లు లేచాయి. వెనక సందులో అయితే మనిషి పక్కకు తిరిగి నడవాలి. గొట్టం లాక్కుంటూ వచ్చేవాడి సంగతి షెడ్డు వేసేటప్పుడు ఎవరికి గుర్తుంటుంది? కూల్చమంటే గొడవ. కనీసం ఆ సందులోంచి పాత సోఫా, ఎండు కొమ్మలు తీసేయొచ్చు. ఏప్రిల్ రాకముందే.