అమ్మీ రోజా – మా ఫోను

పూర్వం వైద్యుడు రోగి చెంత కూర్చొని నాడి చూచేవాడు. నేడు చెంత కూర్చొనకుండానే ఎంత దూరంలోనివారి దేహస్థితి అయినా మన అరచేతిలోకి వస్తున్నది. ఈ సౌకర్యం విలువనూ, దానికి చెల్లించవలసిన వెలనూ మేము 2025 మార్చిలో, రంజాన్ మాసంలో తెలుసుకొన్నాము.

మా అమ్మీకి చాలకాలంగా మధుమేహం. ఇన్సులిన్ తీసుకొంటున్నా రోజా విడువరు. వైద్యుని సలహాపై ఆమె భుజం వెనుక రూపాయి నాణెమంత సెన్సారు పెట్టించాము. వెంట్రుక వంటి దాని తీగ చర్మం కింద, కణాల నడుమనున్న ద్రవంలోని చక్కెరను కొలుస్తుంది. ఆ అంకె బ్లూటూత్ ద్వారా అమ్మీ ఫోనుకూ, అక్కడినుండి ఇంటర్నెట్ ద్వారా మా ఫోనుకూ చేరుతుంది. రక్తంలోని మార్పు ఆ ద్రవంలో కొద్ది నిమిషాలు ఆలస్యంగా కనబడుతుంది కనుక, అనుమానం కలిగితే వేలి రక్తంతో సరిచూడాలి. 70 కంటె తగ్గితే రోజా విరమించాలని వైద్యులు ముందే చెప్పారు.

ఒక మధ్యాహ్నం తరగతిలో సంధులు బోధిస్తుండగా ఫోను మ్రోగింది. 68; పక్కన కిందికి వాలిన బాణం గుర్తు. కొంతసేపటికి గీత ఆగిపోయింది. ఫోను చేస్తే అమ్మీ పలుకలేదు. పొరుగింటి అక్కను బతిమాలి పంపాము. అమ్మీ చెమటతో తడిసి జానిమాజ్‌పై కూర్చొని ఉన్నారు. ఫోను పెరటి కొట్టులో ఉన్నది! వేలి రక్తం 58 చూపింది. అక్క పంచదార నీళ్లు త్రాగించింది.

సాయంత్రం అమ్మీ అన్నారు: "నా రోజా అల్లాహ్‌కూ నాకూ మధ్య సంగతి అనుకొన్నాను బేటా. నడుమ నీ ఫోను వచ్చి కూర్చుంది."

మాకు జవాబు తోచలేదు. ప్రాణం కాచినది ఆ యంత్రమే. అమ్మీ దాగేటట్లు చేసినదీ అదే. రోగి రోజా విడిచి తరువాత పూర్తిచేసుకొనే వెసులుబాటు ఉన్నదని ఆమెకు తెలియనిది కాదు. సెన్సారుకు ఆమె ఒప్పుకొన్నారు. దానిని మా ఫోనుకు కలిపినది మాత్రం మేము, అడుగకుండా.

ఆ ఆదివారం వెళ్లి చెంత కూర్చొన్నాము. ఒప్పందం కుదిరింది. 70 వద్ద హెచ్చరిక అమ్మీకే. తామే రోజా విరమిస్తారు. 60 వద్ద మాత్రమే మాకు మ్రోగుతుంది. మిగిలిన అంకెలు మేము చూడము.

విద్యార్థి మిత్రులారా! రేపు మీలో కొందరు ఇటువంటి యంత్రాలను నిర్మిస్తారు. మరికొందరు తల్లిదండ్రులకు అమరుస్తారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంస్థలను సమ్మతి అడుగమంటున్నది. ఇంటి వ్యవహారాలకు ఆ చట్టం వర్తించదు, మర్యాద వర్తిస్తుంది.