ఉప్సాలా చర్చిలో రాజు, మరియమ్మ

స్టాక్‌హోమ్ నుంచి ఉప్సాలాకి రైల్లో నలభై నిమిషాలు. దిగాక దారి అడగనక్కర్లేదు. ఇళ్ళ కప్పుల పైన చర్చి జంట శిఖరాలు కనిపిస్తూనే ఉంటాయి. ఫ్యూరిస్ ఏరు దాటితే ఎర్ర ఇటుక గోడ ఎదురొస్తుంది. శిఖరాల ఎత్తు 118.7 మీటర్లు. నార్డిక్ దేశాల్లో ఇంతకన్నా ఎత్తయిన చర్చి లేదు.

పని 13వ శతాబ్దంలో మొదలైంది. 1287లో ఎతియెన్ ద బొన్నెయ్ అనే మేస్త్రీని పారిస్ నుంచి రప్పించారు. నమూనా ఫ్రెంచి గోథిక్ అయినా గోడలు మాత్రం ఇటుకతో లేపారు. ప్రతిష్ఠ జరిగేసరికి 1435 వచ్చింది. ఫ్రాన్స్ చర్చిల ముఖద్వారాల మీద ఉండే శిల్పాల సందడి ఇక్కడ లేదు, నాకు నచ్చిందీ అదే. 1702లో మంటలు చర్చిని బాగా దెబ్బతీశాయి. ఫోటోల్లో పడే సూదిమొన శిఖరాలు వాస్తుశిల్పి హెల్గో సెటర్‌వాల్ 1885–93 మరమ్మతుల్లో పెట్టించినవి. అవి మధ్యయుగానివనుకుని మురిసిపోకండి.

లోపల నేల మీద ఒక రాతిపలక కింద వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఉన్నాడు. మన మామిడికి మాంజిఫెరా ఇండికా అని పేరు పెట్టిన పెద్దమనిషి ఈయనే. ఇంకో చోట బంగారు పూత వెండి పేటికలో, 1160లో హతుడైన ఎరిక్ రాజు అస్థికలు ఉన్నాయి.

తూర్పు చివరకి నడవండి. అసలు కథ అక్కడుంది. రోమ్‌తో తెగతెంపులు చేసుకుని, చర్చి ఆస్తుల్ని ఖజానాకి లాక్కున్న స్వీడన్ రాజు గుస్తావ్ వాసా, ఒకప్పుడు మరియమ్మ కోసం కట్టిన మందిరంలోనే ఇద్దరు భార్యల ప్రతిమల నడుమ రాతి మనిషై పడుకున్నాడు. ఆ గది వైపే చూస్తూ, నీలం బట్టల్లో, తలగుడ్డతో ఓ నడివయసు స్త్రీ నిలబడి ఉంది. వెనక నుంచి వచ్చిన ఒకాయన ఆమె తప్పుకుంటుందని కాసేపు ఆగాడు. ఆమె కదల్లేదు. ఆండెర్స్ విడోఫ్ 2005లో చేసిన మరియ శిల్పమది. కిరీటం లేదు, పీఠమూ లేదు. రాజు పాలరాతి ఆర్భాటం కన్నా ఈవిడే ఎక్కువ నిలుస్తుంది.

స్టాక్‌హోమ్ దాకా వచ్చే మనవాళ్ళు వాసా అనే పాత యుద్ధనౌక చూసి తిరుగు విమానం ఎక్కేస్తుంటారు. ఒక పూట ఇటు కేటాయించండి. చర్చిలోకి టిక్కెట్టు లేదు.