టెస్ తరఫున సాక్ష్యాలు

థామస్ హార్డీ 'టెస్' నవల 1891లో లండన్ వారపత్రిక 'గ్రాఫిక్'లో సీరియల్‌గా వచ్చింది. అందులో ఓ ఆదివారం, వాన నీళ్లు నిలిచిన దారిని పాలపాకలో పనిచేసే నలుగురమ్మాయిలు దాటాలి. హార్డీ రాసుకున్న ప్రకారం, తర్వాత టెస్‌ను పెళ్లాడే ఏంజెల్ క్లేర్ వాళ్లని ఒక్కొక్కరినే చేతుల మీద ఎత్తుకుని దాటిస్తాడు. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక కదా, అది కుదరలేదు. అమ్మాయిలు తోపుడుబండిలో కూర్చుని దాటారు.

ఇది తెలిసి చాలాసేపు నవ్వుకున్నాను. అదే పత్రికలో, టెస్ పనిచేసే ఇంటి కొడుకు అలెక్ ఆమెను పాడుచేసిన ఘట్టం బదులు దొంగపెళ్లి పెట్టారని తెలిశాక నవ్వు ఆగింది. పుస్తకంగా వచ్చేసరికి పెళ్లి పోయి, అలెక్ ఆమె చేత సీసాలోది ఏదో తాగించినట్టు వచ్చింది. తర్వాతి కూర్పుల్లో ఆ సీసా కూడా లేదు. అడవి, పొగమంచు, అలసి నిద్రపోయిన పిల్ల, అంతే మిగిలాయి. పాఠకులు మాత్రం ఇప్పటికీ తగువులాడుకుంటూనే ఉన్నారు: బలవంతమా, లొంగిపోవడమా?

నేను టెస్ పక్షం. చిన్నపిల్ల, నిద్రలో ఉంది, అలెక్ వాళ్లింట్లో కూలికి ఉంది అని ఏకరువు పెట్టేదాన్ని. ఆ వాదన ఎంత దూరం పనికొస్తుందో పెళ్లినాటి రాత్రి ఘట్టం నేర్పింది.

డిసెంబరు 31. పొయ్యిలో నిప్పు. టెస్ మెడలో ఏంజెల్ జ్ఞానమాత ఇచ్చిపోయిన వజ్రాలు. ముందు ఏంజెలే తన తప్పు చెబుతాడు: ఎప్పుడో లండన్లో ముక్కూమొహం తెలియని ఒకామెతో రెండు రోజులు గడిపాడు. టెస్ క్షమించడమే కాదు, నాదీ ఇంతేగా అని సంబరపడి తన కథ చెబుతుంది. విన్నాక ఏంజెల్ చేసిన మొదటి పని, లేచి నిప్పు ఎగదోయడం. ఆ తర్వాత అంటాడు, తను ప్రేమించింది ఈమెను కాదట, ఈ రూపంలో ఉన్న వేరే మనిషినట. నీ తప్పు కంటే నీకు జరిగిన అన్యాయమే ఎక్కువని కూడా తనే ఒప్పుకుంటాడు. అంటే నేను పోగేసిన సాక్ష్యాలన్నీ అతని దగ్గర చెల్లాయి. శిక్ష మాత్రం వెంట్రుకవాసి కూడా తగ్గలేదు.

పైగా ఇతను ఛాందసుడు కాడు. పాస్టరు కొడుకై ఉండీ పాస్టరు పని వద్దన్నవాడు, తండ్రి మతాన్నే ప్రశ్నించినవాడు. 'కన్యాశుల్కం'లోని యాంటీ-నాచ్ సౌజన్యారావు పంతుల్ని ఎరిగిన తెలుగువాళ్లకు ఏంజెల్ మరీ కొత్తేం కాదు: మంచివాడే, సంస్కర్తే, మనిషిని చూడకముందే ముద్ర చూస్తాడు. 2008 బీబీసీ సీరియల్లో ఈ పాత్ర ఎడ్డీ రెడ్‌మేన్ వేశాడు. ఆ లేత మొహం మీద కోపం తెచ్చుకోవడం కష్టం, పాత్రకు కావలసిందీ అదే. ఇంత నిష్ఠాపరుడూ బ్రెజిల్ పోతూ పోతూ పాలపాకలోనే పనిచేసిన ఇజ్‌ను తోడు రమ్మంటాడు, మనసు మార్చుకుని దింపేస్తాడు. దానికి పాఠకులెవరూ పంచాయితీ పెట్టినట్టు కనబడదు.

ఇప్పుడు ఆ అడవిలో ఏం జరిగిందన్న చర్చ వస్తే నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆమె నిద్రపోయింది కాబట్టి నిర్దోషి అంటే, మెలకువగా ఉండి ఇష్టపడి ఉంటే ఏంజెల్ చేసింది సబబేనని ఒప్పుకున్నట్టే. తీర్పు చెప్పే హక్కు అతనికి ఎవరిచ్చారన్నది అసలు ప్రశ్న.

అయితే ఆ హక్కు టెస్ కూడా ఇచ్చింది, అదీ చిక్కు. చివర్లో అలెక్‌ను చంపి, స్టోన్‌హెంజ్ రాళ్ల మధ్య పోలీసుల కోసం ఎదురుచూస్తూ, నేను పోయాక మా చెల్లెల్ని చేసుకో అని ఏంజెల్‌ను అడుగుతుంది. తనలోని మంచంతా చెల్లెలికి ఉందట, చెడ్డ మాత్రం లేదట. భార్య చనిపోతే మరదల్ని చేసుకోవడం ఇంగ్లండులో 1907 దాకా చట్టం ఒప్పుకోలేదు. ఏంజెల్‌కు వెంటనే తట్టిన అభ్యంతరం అదే, ఆమె తన గురించి తాను అన్న మాట కాదు.